బోరు మోటారు కండెన్సరు – ఎల్.సి.ఆర్. మీటరుతో కొలిచే పద్ధతి



ఇవాళ ఎరువుల సంగతి గాని పురుగు మందుల సంగతి గాని చెప్పబోవడం లేదు. మోటారు స్టార్టరు పెట్టెలో ఒక మూల కూర్చుని ఉండే డబ్బాను గురించి చెబుతాను. మన మెకానిక్కులు దాన్ని కండెన్సరు అంటారు. పుస్తకాలలో కెపాసిటరు అని ఉంటుంది. పేరు ఏదైనా వస్తువు ఒక్కటే. మోటారు కాలిందని మనం బావురుమనే సందర్భాలలో కొన్నిటికి అసలు కారణం ఈ డబ్బాయే. మనుషుల ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఒక్కొక్కప్పుడు ఇదే.

ముందు జరిగినదొకటి చెబుతాను. జులై నెల. వెల్దుర్తి వైపు ఒక ఊరు. సాగరు కుడి కాలువ నీరు ఎక్కని మెరక ప్రాంతం. వాన మొహం చాటేసింది. ఒక రైతు ఇంటి వెనుక దొడ్డిలో నాలుగు ఎకరాలకు సరిపడా మిరప నారు పోశాడు. దొడ్లో ఒకటిన్నర హార్సుపవరు సింగిల్ ఫేజు బోరు మోటారు ఉంది. ఒకనాడు ఉదయం స్విచ్చి వేస్తే ప్యానెలు మీద ఆంపియర్ల ముల్లు ఒక్కసారిగా పైకి పోయి, కొద్ది క్షణాలకు ట్రిప్పయింది. మళ్ళీ వేసినా అదే వరస. చుట్టూ చేరినవారంతా కాయిల్ కాలిందన్నారు. అలా అని తల ఊపినవారిలో నేనూ ఒకణ్ణి. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. నారుకుళ్ళు తెగులు చూపిస్తే చెప్పగలను గాని మోటారు కడుపులో ఏముందో అప్పటికి నాకేం తెలుసు? అయినా తెలిసినట్టే తల ఊపాను.

మనుషుల్ని పెట్టి పైపులు లాగించారు. మోటారును ట్రాక్టరు మీద వేసుకుని వైండింగు షాపుకు పోయారు. అక్కడ విప్పి చూసి, కాయిల్ శుభ్రంగా ఉంది, దీనికేమీ కాలేదు, ముందు కండెన్సరు చూపించారా అని అడిగారు. నాలుగు రోజులు గడిచాయి. ఆడవాళ్ళు బిందెలతో మోసి పోసినా నారు సగానికి పైగా వాడి పడిపోయింది. చివరికి కండెన్సరును కొలిచి చూస్తే, డబ్బా మీద 36 మైక్రోఫారడ్లని ఉంది, మీటరులో 19 మాత్రమే వచ్చింది. కొత్త డబ్బా వేశాక మోటారు తిరిగింది. డబ్బా ఖరీదు పైపులు లాగినవారికి ఇచ్చిన కూలిలో కొద్ది భాగం కూడా లేదు.

ఆ తర్వాతనే నేను ఈ మీటరును పట్టుకోవడం నేర్చుకున్నాను. నేర్పినవాడు నరసరావుపేటలో రేడియోలు, టీవీలు బాగుచేసుకునే ఒక పెద్దాయన.

సింగిల్ ఫేజు మోటారుకు కండెన్సరు ఎందుకంటారా? మన ఇళ్ళలో తిరగలి చూశారు గదా. పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ మాత్రమే తోస్తే రాయి కదలదు, తడబడుతుంది. పక్కకు కూడా ఒక తోపు ఉంటేనే గుండ్రంగా తిరుగుతుంది. సింగిల్ ఫేజు కరెంటు కూడా అంతే. అది ముందుకూ వెనక్కూ తోసే చెయ్యి మాత్రమే. పక్కతోపు ఇవ్వడానికి మోటారులో రెండవ కాయిల్ ఉంటుంది. ఆ కాయిల్‌కు కరెంటును కాస్త ముందుగా నడిపి అందించేది కండెన్సరు. మోటారు బయలుదేరేటప్పుడు మాత్రమే పనిచేసే దానిని స్టార్టు కండెన్సరు అంటారు. తిరుగుతున్నంతసేపూ పనిలో ఉండేది రన్ కండెన్సరు. చాలా ప్యానెళ్ళలో రెండూ ఉంటాయి. స్టార్టు డబ్బా చచ్చిపోతే మోటారు కదలదు. రన్ డబ్బా బలం తగ్గితే మోటారు తిరగడానికి తిరుగుతుంది గాని నీరు తగ్గి, ఆంపియర్లు పెరిగి, వేడెక్కి, ఆ వేడికి కొన్నాళ్ళకు కాయిల్ నిజంగానే కాలుతుంది. డబ్బాలో మొదలైన జబ్బు మోటారును తినేస్తుందన్న మాట.

త్రీ ఫేజు మోటారుది వేరే లెక్క. మూడు ఫేజులుంటే తిరగడానికి పక్కతోపు అక్కరలేదు. అక్కడ కండెన్సరు పెట్టేది లైను మీద భారం తగ్గించడానికి. మోటారుకు కావలసిన కరెంటులో కొంత భాగం పని చేయకుండా ట్రాన్స్‌ఫార్మరుకూ మోటారుకూ మధ్య ఊరికే రాకపోకలు సాగిస్తుంది. ఆ రాకపోకలను కండెన్సరు మోటారు దగ్గరే తీర్చివేస్తుంది. తీగల్లో కరెంటు తగ్గుతుంది, వోల్టేజి కాస్త నిలబడుతుంది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత ఐ.ఎస్.ఐ. పంపు, ఘర్షణ తక్కువ ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపులతో పాటు కెపాసిటరు కూడా పెట్టుకోవాలని రైతులకు చెప్పింది ఇందుకే. కొందరు పెట్టారు, కొందరు మొక్కుబడిగా తగిలించారు. ఆనాటి డబ్బాలు ఇంకా స్టార్టరు పక్కన వేలాడుతూ ఉంటే, అవి పని చేస్తున్నాయో లేదో కొలిచినవారు ఎందరు? డబ్బా పోయినా త్రీ ఫేజు మోటారు తిరుగుతూనే ఉంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు.

ఇక మీటరు సంగతి. ఎల్.సి.ఆర్. అనేవి మూడు గుణాల గుర్తులు. ఎల్ అంటే తీగ చుట్టకు ఉండే గుణం, ఇండక్టెన్సు. సి అంటే కండెన్సరు పట్టు, కెపాసిటెన్సు. ఆర్ అంటే నిరోధం, రెసిస్టెన్సు. చేతిలో పట్టే ఈ మీటరు తన బ్యాటరీ నుంచి చాలా చిన్న ఏ.సి. కరెంటును, సామాన్యంగా ఒక వోల్టు లోపే, వస్తువులోకి పంపి, ఎంత వోల్టేజికి ఎంత కరెంటు పోయింది, రెండిటికీ మధ్య ఎంత తేడాతో నడిచింది అని చూసి విలువ లెక్క కడుతుంది. కెపాసిటెన్సు చూపే మామూలు మల్టీమీటరు ఉన్నా మన పని చాలావరకు జరుగుతుంది. నా మటుకు నేను రైతు ప్రతివాడూ ఎల్.సి.ఆర్. మీటరు కొనాలని చెప్పను. ఊరి మెకానిక్కు దగ్గరో, రైతు సంఘంలోనో ఒకటి ఉంటే చాలు. మల్టీమీటరు చెప్పని ఒక సంగతిని ఇది చెబుతుంది. దాని విషయం తరువాత వస్తుంది.

మీటరు చేతికి తీసుకోవడానికి ముందు చేయవలసిన పని ఉన్నది. దయచేసి ఈ భాగాన్ని తొందరగా దాటవేయవద్దు.

మోటారు ఆపేసిన తర్వాత కూడా గాబులో నీళ్ళుంటాయి గదా. కండెన్సరు కూడా కరెంటుకు గాబు వంటిదే. స్విచ్చి తీసినా, ఫ్యూజులు పీకినా, దాని లోపలి ఛార్జి దానిలోనే ఉండిపోవచ్చు. 240 వోల్టుల ఏ.సి. తరంగం శిఖరం 340 వోల్టుల దాకా పోతుంది. 415 వోల్టుల త్రీ ఫేజు లైనులో అది 587. స్విచ్చి తీసిన క్షణం ఆ శిఖరం దగ్గర పడితే అంత వోల్టేజీ డబ్బాలో నిలిచిపోతుంది. దీన్ని ఇంకించడానికి చాలా డబ్బాలలో ఒక చిన్న రెసిస్టరు ఉంటుంది. పాతబడిన డబ్బాలో అది కాలిపోయి ఉండవచ్చు. పైకి చూస్తే తెలియదు. రెండు కొసలను చేత్తో తాకినవాడికి మాత్రం తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమై ఉంటుంది.

కనుక వరస ఇది. మెయిన్ స్విచ్చి ఆపండి. ఫ్యూజు కారియర్లు పీకి మీ జేబులోనే వేసుకోండి. పక్కన పెడితే మరొకరు తగిలిస్తారు. ఆటో స్టార్టరు బిగించినవారు ఈ మాట రెండు సార్లు వినాలి. కరెంటు లేదు గదా అని పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడు కరెంటు వస్తే, ఆటో మీ అనుమతి అడగదు. రాత్రిపూట, తడి నేల మీద, చెప్పులు లేకుండా ఈ పని చేయకండి. తరువాత అయిదు నిమిషాలు ఆగండి. అప్పుడు మల్టీమీటరుతో కండెన్సరు కొసల మధ్య వోల్టేజి చూడండి. ఇక్కడ పొరపాటు పడేవాళ్ళు చాలామంది. డబ్బాలో నిలిచిన ఛార్జి డి.సి. అవుతుంది. మీటరును ఏ.సి. మీద పెట్టి చూస్తే సున్నా చూపించి మోసం చేస్తుంది. లైను ఉందో లేదో చూడడానికి ఏ.సి., డబ్బాలో ఛార్జి చూడడానికి డి.సి.

ఛార్జి ఉన్నా లేకపోయినా ఇంకించండి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఠప్పుమనిపించడం మన దగ్గర ఒక అలవాటుగా ఉన్నది. దానివల్ల నిప్పురవ్వ కంట్లో పడవచ్చు, కొసలు కరుగుతాయి, లోపలి అతుకు ఊడి బాగున్న డబ్బా కూడా పాడవుతుంది. పది వేల ఓములు, 10 వాట్ల తీగచుట్ట రెసిస్టరు ఒకటి కొని, దానికి రెండు వైపులా మంచి తొడుగున్న తీగలు, మొసలి నోటి క్లిప్పులు వేయించుకోండి. రెసిస్టరు ఒంటికి కూడా తొడుగు ఉండాలి. దాన్ని కొసలకు ఆనించి నెమ్మదిగా ఇరవై అంకెలు లెక్కపెట్టండి. 150 మైక్రోఫారడ్ల స్టార్టు డబ్బా అయినా ఎనిమిది సెకండ్లలో దాదాపు ఖాళీ అవుతుంది, మిగిలిన సెకండ్లు మన ధైర్యానికి. మూడు కొసలున్న త్రీ ఫేజు డబ్బా అయితే ఒకటి రెండు, రెండు మూడు, మూడు ఒకటి ఇలా మూడు జతలకూ చేయవలెను. మళ్ళీ డి.సి. చూడండి. సున్నాకు వచ్చాక తీగలు ఎక్కడెక్కడివో గుర్తు పెట్టుకుని, సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసుకుంటే మరీ మంచిది, డబ్బాను ఊడదీయండి. ఖాళీ చేసిన డబ్బాలో కూడా కొంతసేపటికి కాస్త వోల్టేజి తిరిగి ఊరవచ్చు. పిండిన గుడ్డలో మళ్ళీ తేమ పైకి వచ్చినట్టు. కొలిచేదాకా కొసల మధ్య ఒక తీగ కట్టి ఉంచండి.

ఛార్జి ఉన్న డబ్బాకు ఎల్.సి.ఆర్. మీటరు తగిలిస్తే మనిషికి కాకపోయినా మీటరుకు గండమే. ఒక వోల్టు లోపు పని చేసే సున్నితమైన లోపలి భాగం ఒక్క దెబ్బకు పోతుంది. ఇది కరెంటు నడుస్తున్న చోట పెట్టే మీటరు కాదని గట్టిగా గుర్తు పెట్టుకోండి.

డబ్బా ఉబ్బి ఉన్నా, నూనె కారుతున్నా, అడుగు పగిలినా కొలతలెందుకు? ఛార్జి ఇంకించి, పక్కన పారేయడమే.

కొలిచేటప్పుడు డబ్బా పూర్తిగా విడిగా ఉండాలి. తీగలు తగిలి ఉంటే మీటరు మోటారు కాయిల్‌ను కూడా కలిపి కొలుస్తుంది, వచ్చిన అంకెకు అర్థం ఉండదు. ఎండలో కాగిన డబ్బాను నీడలో చల్లారనివ్వండి. కొసల మీద దుమ్ము, తుప్పు గుడ్డతో తుడవండి. మీటరును మొదట సున్నా చేసుకోవాలి. క్లిప్పులు విడిగా ఉంచి ఓపెన్ అనేది ఒకసారి, రెండూ కలిపి షార్టు అనేది ఒకసారి. తూకానికి ముందు ఖాళీ తక్కెడ సరిచూసుకోవడం వంటిది ఇది. ఆ తర్వాత సి అనే గుర్తు ఎంచుకోండి.

తరువాత పరీక్ష ఫ్రీక్వెన్సీ. మీటరులో 100 లేక 120 హెర్ట్జులు, 1,000 హెర్ట్జులు, 10,000 హెర్ట్జులు అని ఉంటాయి. మన లైను 50 హెర్ట్జులది గనుక దానికి దగ్గరగా ఉన్న 100 లేక 120 పెట్టండి. కొన్ని మీటర్లు తెరిచీ తెరవగానే 1,000 మీద నిలబడతాయి. పెద్ద స్టార్టు డబ్బాను అక్కడ కొలిస్తే క్లిప్పుల తీగల నిరోధం కూడా లెక్కలో కలిసి అంకె తప్పుతుంది. బాగున్న డబ్బాను పాడైందనుకుంటారు. సీరీస్, పారలెల్ అని రెండు పద్ధతులు కూడా ఉంటాయి. మన డబ్బాలకు ఆటోలో ఉంచితే మీటరే చూసుకుంటుంది.

ఇంకొక చిక్కు అక్షరాలలో ఉంది. డబ్బా మీద ఎం.ఎఫ్.డి. అని రాసి ఉంటే అది మైక్రోఫారడే. మీటరు తెర మీద చిన్న ఎం, పక్కన ఎఫ్ కనిపిస్తే మాత్రం అది మిల్లీఫారడ్, అంటే వెయ్యి మైక్రోఫారడ్లు. 0.036 మిల్లీఫారడ్లని వస్తే కంగారు పడకండి, అది 36 మైక్రోఫారడ్లే.

రన్ డబ్బా మీద 36 అని, పక్కన అయిదు శాతం అటూ ఇటూ అని ఉంటే, 34.2 నుంచి 37.8 వరకూ వచ్చినది మంచిది. 33కు దిగితే కొత్తది తెచ్చిపెట్టుకోండి. 30 లోపుకు వస్తే ఆ రోజే మార్చండి. స్టార్టు డబ్బా మీద 120–150 అని రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండిటి మధ్య వస్తే సరి. పాతదాని బదులు కొత్తది వేసేటప్పుడు బలం ఎక్కువైతే మంచిదే గదా అని పెద్ద అంకె తేకండి. రెండవ కాయిల్ దానికి సరిపడదు. డబ్బా మీది వోల్టులు మాత్రం తగ్గకూడదు. 440 వోల్టుల దాని స్థానంలో 250 వోల్టుల స్టార్టు డబ్బా తగిలించి పగలగొట్టుకున్నవారు ఉన్నారు.

ఇందాక చెబుతానన్నది ఇప్పుడు. ఈ మీటరు కెపాసిటెన్సు పక్కన డి అనే చిన్న అంకెను కూడా చూపిస్తుంది. డబ్బాలోకి పోయిన శక్తిలో వేడిగా నష్టపోయే పాలు ఎంతో అది చెబుతుంది. ప్లాస్టిక్ పొరతో చేసిన రన్ డబ్బాకు ఇది 0.01 కంటే బాగా తక్కువ ఉండాలి. స్టార్టు డబ్బా రకం వేరు, దానికి కొత్తగా ఉన్నప్పుడే 0.1 దరిదాపుల దాకా రావచ్చు. రన్ డబ్బా 36కు 35 చూపిస్తూ, డి 0.05 అని వస్తే? మల్టీమీటరు వాడు దాన్ని బాగుందని తిరిగి బిగిస్తాడు. అది లోపల కాగుతూ ఉంది, ఎక్కువ కాలం మన్నదు.

త్రీ ఫేజు డబ్బా మీద మైక్రోఫారడ్లకు బదులు కె.వి.ఎ.ఆర్. అని ఉంటుంది. సామాన్యంగా 5 హార్సుపవరు మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. డబ్బా పెడతారు. లోపల మూడు కండెన్సర్లు ముక్కోణంగా కట్టి ఉంటాయి. 415 వోల్టులకు చేసిన 2 కె.వి.ఎ.ఆర్. డబ్బాలో ఒక్కొక్కటి 12.3 మైక్రోఫారడ్లు. కాని ఏ రెండు కొసల మధ్య కొలిచినా మూడవ వైపు నుంచి తిరిగి వచ్చే దారి కూడా కలుస్తుంది గనుక మీటరులో ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 18.5 రావాలి. డబ్బా మీద 440 వోల్టులని ఉంటే అది 16.4 అవుతుంది. మూడు జతలూ ఒకే అంకె చూపితే డబ్బా ఆరోగ్యంగా ఉన్నట్టు. లోపల ఒకటి తెగిపోతే ఒక జతకు 6 చిల్లర, మిగతా రెండు జతలకు 12 చిల్లర వస్తాయి. ఈ అంకెలు చూసి ఏది తెగిందో మూత విప్పకుండా చెప్పవచ్చు. నాకు మొదటిసారి ఈ లెక్క కుదిరినప్పుడు తిథి చూడకుండానే పంచాంగం చెప్పినంత సంతోషం కలిగింది. ఇక్కడ కూడా పెద్దది మేలనుకోవద్దు. మోటారుకు మించిన కండెన్సరు పెడితే, స్విచ్చి తీశాక మోటారు ఆగేలోపు కొసలలో వోల్టేజి విపరీతంగా పెరగవచ్చు.

ఈ మీటరుకు చేతకాని పనులు కూడా చెప్పాలి గదా. ఒక వోల్టు దగ్గర సక్రమంగా కనిపించిన డబ్బా, 400 వోల్టుల దగ్గర లోపల చిట్లవచ్చు. అంకె మంచిదే వచ్చి మోటారు మొరాయిస్తుంటే, మంచిదని తెలిసిన మరో డబ్బా వేసి చూడడమే దారి. మోటారు కాయిల్ ఒంటికి కరెంటు దిగుతోందా అన్నది కూడా దీనికి తెలియదు. దానికి 500 వోల్టుల మెగ్గరు కావాలి. మెగ్గరులో ఒక మెగ్ ఓము కన్న తక్కువ వస్తే అప్పుడు పైపులు లాగే ఆలోచన చేయవచ్చు. కాయిళ్ళ నిరోధాన్ని ఎల్.సి.ఆర్. మీటరుతోనే, డి.సి. నిరోధం కొలిచే వీలుంటే దానిమీద, చూడవచ్చు. త్రీ ఫేజు బోరు మోటారు కేబులు పైకొసల దగ్గర మూడు జతలు కొలవండి. మూడూ ఒకటిగా ఉంటే ధైర్యంగా ఉండండి. కేబులు పొడవు కూడా అందులో కలిసి ఉంటుందని మరువకండి. ఎల్ విలువ మాత్రం లోపలి రోటరు ఆగిన తీరును బట్టి మారుతుంది గనుక దాన్ని చూసి మోటారుకు మరణశాసనం రాయవద్దు.

గ్రామ సహాయకులకు ఒక మనవి. రైతు మోటారు ఆగిందని వచ్చినప్పుడు నేను ఊపినట్టు తల ఊపకండి. ఆంపియర్లు ఎంత, ట్రిప్పయిందా, కండెన్సరు కొలిచారా అని అడగండి. కొలిచే పని మాత్రం తెలిసిన మెకానిక్కు చేతనే చేయించండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజుల జోలికి లైన్‌మన్ లేకుండా ఎవరూ పోకూడదు.

కొత్త డబ్బా కొన్నప్పుడు దుకాణంలోనే కొలిపించండి. వచ్చిన అంకెనూ తేదీనీ ప్యానెలు మూత లోపలి వైపు రాసి పెట్టుకోండి. ఏడాదికొకసారి, నారు పోసే ముందు, మళ్ళీ కొలిచి పక్కన వేయండి. ఆ వెల్దుర్తి వైపు రైతు దొడ్లో ప్యానెలు మూత తెరిస్తే లోపల నల్ల ఇంకుతో రెండు అంకెలు కనిపిస్తాయి. కొన్ననాటిది 36.2. ఈసారి నారు పోసే ముందు కొలిచినది 35.8.